వెనక నిలబడి పూలు పెట్టే పెద్దమ్మ

"పాప ఇక ఎప్పటికీ నడవకపోతే?"

ఈ మాట అతను అడిగింది డాక్టరునీ కాదు, భార్యనీ కాదు. పూల అలంకరణ తరగతిలో ఎండుకొమ్మను వంచుతున్న పెద్దావిడను. ఆవిడ నోట్లో టేపు ముక్క ఉంది. టేపు తీసి కొమ్మకు చుట్టాక, "ఆ కత్తెర ఇలా ఇవ్వు," అంది.

అదే జవాబా, అసలు జవాబు ఇంకా రావాల్సి ఉందా? అతనికి అర్థం కాలేదు. ఆ గదిలో అతనికి అర్థంకానివి చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి.

అతను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. సగటు అంటే ఏమిటో, దానికి అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో బోర్డు మీద గీసి మరీ చూపిస్తాడు. సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ గీత పనిచేయడం మానేసింది. పాపకు ఏడాదిన్నర కావస్తోంది. కుర్చీ పట్టుకుని లేస్తుంది, నిలబడుతుంది. తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చుని "రా అమ్మా, రా" అని చేతులు చాచగానే చతికిలబడిపోతుంది. డాక్టరు కాళ్ళు వంచి చూసి, "అన్నీ బాగానే ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు చూద్దాం," అన్నాడు. చూస్తూ ఊరుకోవడమే కదా అతని వల్ల కానిది! రోజంతా పాప మోకాళ్ళకేసి చూసే మొగుణ్ణి భరించలేక భార్యే అతన్ని ఈ తరగతిలో చేర్పించింది. "వారానికో పూట వెళ్ళి పువ్వుల్ని భయపెట్టుకో. ఆ కాసేపైనా మమ్మల్ని వదిలెయ్," అంది.

తరగతి గ్రంథాలయం పై అంతస్తులో జరిగేది. పొడవాటి బల్లలు, మూలన సింకు, నేలంతా కోసి పడేసిన కాడలు. నేర్పే ఆవిడను అందరూ పెద్దమ్మ అనేవారు. ఆమె అసలు పని కట్టుడుపళ్ళు తయారుచేయడం. ఒక దంతవైద్యుడి వెనకగదిలో, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, ముక్కూమొహం తెలియని మనుషులకు మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు ఒక్కొక్కటే అమర్చుతూ వయసంతా గడిపింది. ఆ పళ్ళతో నవ్వేవాళ్ళను మాత్రం చూసింది తక్కువ.

"ఓసారి బస్సులో ఒకాయన ఆవలించాడు. చూద్దును కదా, నా పనే! కుడివైపు కోరపన్ను కొంచెం వంకరగా కావాలని అడిగి పెట్టించుకున్నాడు. పలకరిద్దామనుకున్నాను. ఏమని పలకరించను? నోరు మూసుకుని నా స్టాపులో దిగిపోయాను."

చూపు మందగించి ఆ పని మానేశాక కూడా వైరు వంచడం మరిగిన వేళ్ళు ఊరుకోలేదు. ఒక ప్రదర్శనలో కొత్త పద్ధతి పూల అలంకరణలు చూసి, ఆ తర్వాత ఏ వర్క్‌షాపు జరిగినా వెళ్ళి ముందు కుర్చీలో కూర్చునేది. మొదట్లో పెట్టినవన్నీ పళ్ళవరసల్లాగే వచ్చాయని ఆమే చెప్పి నవ్వేది. "పళ్ళ మధ్య సందు వదిలితే డాక్టరు తిట్టేవాడు. ఇక్కడేమో వదలకపోతే తిట్టేవాళ్ళు. ఖాళీ వదలడం నేర్చుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

ఆ ఖాళీయే అతనికి కొరుకుడు పడలేదు. గులాబీల గుత్తి అయితే ఎక్కడ పూర్తయిందో తెలుస్తుంది. ఒక వంకర కొమ్మ, ఒకే ఒక్క లిల్లీ, వలలాగా అల్లిన రాగి తీగ పెట్టి అయిపోయిందంటే ఎలా నమ్మడం? సంచీలో స్కేలు తెచ్చుకుని కొమ్మ ఎత్తూ గిన్నె వెడల్పూ కొలిచేవాడు. పక్కబల్ల దగ్గరుండే, బేకరీ నడిపే అక్క అతనికి కొలబద్ద అని పేరు పెట్టింది.

"ఏం కొలబద్దా, కొమ్మకు జ్వరం చూస్తున్నావా?"

"పోయిన వారం చాల్లేదన్నారు. ఈ వారం అంతే పెడితే బరువెక్కువైందంటున్నారు. ఎలా పెద్దమ్మా?" అని అడిగాడతను ఏడుపు గొంతుతో.

"పోయిన వారం మబ్బుగా ఉంది," అంది పెద్దమ్మ, అతని గిన్నెలోంచి ఒక పువ్వు పీకేస్తూ.

ఆరుబయట కురవని వానకు తన పువ్వు ఎందుకు బలైందో తెలియక అతను ఇంటికి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు గ్రంథాలయం కింది హాల్లో పెద్దమ్మ డెమాన్‌స్ట్రేషన్ పెట్టారు. సామాను అందించడానికి ఆమె అతన్నే పిలిచింది. భార్య పాపను ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పెద్దమ్మ బల్ల వెనక నిలబడి, జనం వైపు తిరిగి, మాట్లాడుతూనే పని మొదలుపెట్టింది. అతను డెమాన్‌స్ట్రేషన్ చూడటం అదే మొదలు.

గిన్నె అడుగున, సూదులు పైకి నిలబెట్టిన బరువైన సీసపు బిళ్ళ ఉంది. పెద్ద కొమ్మ మొదలును ఆ సూదుల్లోకి దిగగుచ్చి ఆమె చేతులు వదిలింది. కొమ్మ ఒక పక్కకు ఒరగసాగింది. అతను గబుక్కున ముందుకు దూకాడు.

"పట్టుకోకు," అంది పెద్దమ్మ పంటి బిగువున, జనానికేసి నవ్వుతూనే.

ఆమె రెండు అరచేతులూ కొమ్మకు చెరోపక్కా విచ్చుకుని ఉన్నాయి, తగలడం లేదు. కొమ్మ ఇంకాస్త ఒరిగి, ఊగి, ఒకచోట కుదురుకుంది. ఆమె అనుకున్న చోటు అది కాదని అతనికి అనిపించింది. ఆమె మాత్రం మిగతా పూలను ఆ వాలుకు తగ్గట్టే పెట్టుకుంటూ పోయింది.

అంతా అయ్యాక, గిన్నెను పక్కనున్న ఎత్తు పీట మీద పెట్టమని అతనికి సైగ చేసింది. ఆమె ఇందాకటినుంచీ ఏ వైపు నిలబడి పెట్టిందో ఆ వైపే ముందు అనుకున్నాడతను. గిన్నెను తిప్పి, ఆ వైపు జనానికి కనిపించేలా నిలబెట్టాడు. టేపు చుట్లు, మెలితిప్పిన వైర్లు, చిన్న పూల కాడలు గుచ్చిన ఆకుపచ్చ స్పాంజి ముక్క బయటపడ్డాయి.

"అబ్బ, వైర్లు దాచకుండా చూపించడం ఎంత ధైర్యం!" అన్నాడొకాయన. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఫోటో తీసుకుంది.

"ఓరి నాయనా, ఇంటి పెరడు చూపించావురా!" అని పెద్దమ్మ పకపకా నవ్వి గిన్నెను తిప్పింది.

జనం వెళ్ళాక అతను చీపురు పట్టుకుని తల దించుకునే ఉన్నాడు. "అయితే మీరు ముందువైపు ఒక్కసారి కూడా చూడలేదా?"

"ఎలా చూస్తాను? అటు మీ ఆవిడ కూర్చుంది కదా, ఆ అమ్మాయి మొహం చూశాను. తల పక్కకు వంచితే ఒకవైపు బరువెక్కిందని. కళ్ళు పెద్దవైతే ఇక చాలని."

ఇంతలో పాప బల్ల కాలు పట్టుకుని లేచింది. అతను చీపురు పడేసి ఎదురుగా వెళ్ళి చేతులు చాచాడు. "రా అమ్మా!" పాప అతని మొహం చూసింది, కూర్చుండిపోయింది.

"నీ మొహం నీకెప్పుడైనా కనిపించిందా?" అంది పెద్దమ్మ. "ఇల్లు తగలబడుతున్నట్టుంది. నేనైనా కూర్చుండిపోతాను. వెనక్కి వెళ్ళు."

"వెనక నుంచైతే నడుస్తుందా?"

"నాకేం తెలుసు? నా దగ్గరికి వచ్చినవన్నీ పళ్ళూడిన నోళ్ళు. పసిపిల్లల సంగతి నన్నడిగితే ఎలా? పువ్వులకు పనికొచ్చింది చెబుతున్నాను. వింటే విను."

అతనికి ఇందులో శాస్త్రం ఏమీ కనిపించలేదు. అయినా ఆ రోజు నుంచీ పాప వెనకే కూర్చోవడం మొదలుపెట్టాడు. చాలా రోజులు ఏమీ జరగలేదు. ఓ సాయంత్రం గదికి ఆ చివర బట్టలు మడతపెడుతున్న భార్య చేతులు ఆగిపోయాయి. కళ్ళు పెద్దవయ్యాయి. అతనికి కనిపించింది పాప మెడ మీద చెమట, పైకి లేచిన ఒక మడమ. ఏ కాలు ముందు వేసిందో, ఏ మొహం పెట్టిందో అతను చూడనే లేదు. సంతోషించాలో, పడిపోతుందని హడలిపోవాలో తేలకముందే పాప ఒక పక్కకు ఒరిగింది. అతని చేతులు దూకబోయాయి. పెద్దమ్మ ఆ వేళ హాలు తలుపులు మూస్తూ అన్న మాట గుర్తొచ్చేసరికి అవి పాపకు చెరోపక్కా గాలిలోనే ఆగాయి.

"చేతులు దగ్గరే ఉంచు, ఆనించకు. ఒరిగితే ఒరగనీ, ఎక్కడ నిలబడుతుందో దాన్నే తేల్చుకోనీ."