చిన్నమ్మను వెంబడించిన సెలవులు

కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె చించగానే కొత్త జిగురు వాసన గుప్పుమంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చదివానో లెక్కలేని పిల్లల డిటెక్టివ్ నవలను ఎవరో మళ్లీ అచ్చు వేశారని తెలిసి తెప్పించుకున్నాను. పాత ప్రతికి వేరే వాసన ఉండేది. బడి బీరువాలోని కలరా ఉండలదీ, పిల్లల చెమట చేతులదీ, మా అవ్వ ఇంట్లో దానిమీద కారిన మామిడి రసానిదీ కలిసిపోయిన వాసన అది. ఈ కొత్త పుస్తకం పట్టుకుని హోసూరులోని మా ఫ్లాటులో కుర్చీలో కూర్చున్నాను, రెండు పేజీలు తిప్పి లేచాను, బాల్కనీలోకి పోయాను, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్లి వచ్చాను. ఏమవుతుందో తెలియని ఆత్రం కాదది, ఏమవుతుందో బాగా తెలిసినందువల్ల పుట్టిన అలజడి.

కథ చిన్నదే. వేసవి సెలవులకు చెరువు ఒడ్డున ఒక బంగళాకు ముగ్గురు పిల్లలు వస్తారు. ఆ బంగళాలో వంటమనిషి రోజూ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఎక్కడికో పోతుంది. పిల్లలు అడుగుల గుర్తులు చూస్తారు, చెట్ల చాటున నక్కుతారు, చివరికి ఆమె పోలీసులకు దొరకకుండా తమ్ముణ్ణి ఒక గుడిసెలో దాచిపెట్టిందని కనిపెడతారు. ఆఖరి అధ్యాయంలో అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఆ రహస్యం విప్పుతారు. పెద్దవాళ్లు చప్పట్లు కొడతారు. పిల్లలకు దుర్భిణి బహుమానం.

ఆ పుస్తకం ఇష్టంగా మోసుకుని తిరిగిన ఏడు నాకు పన్నెండో పదమూడో ఉంటాయి. నాన్న హోసూరులో ఫ్యాక్టరీ పనిలో ఉండేవాడు, నేను తెలుగు బడిలో చదివేదాన్ని. సెలవులు ఇవ్వగానే నన్ను కావేరిపట్టణం దగ్గరి పల్లెలో అవ్వా తాతల ఇంటికి పంపేసేవారు. ఆ ఊరికి వేసవి అంటే మామిడే. దొడ్డి గోడమీద నుంచి చూస్తే కనుచూపు మేర తోటలు, కొమ్మలు వంగి నేలకు తగిలే కాయలు, మధ్యాహ్నం వేడికి తేనెలాగా చిక్కబడే గాలి, గడ్డి పరిచిన గదిలో మాగవేసిన సేందూర మామిడికాయల మీద ముసిరే ఈగలు, పొద్దున సంగటిలోకి మామిడికాయ పప్పు, సాయంత్రం ఉప్పూకారం అద్దుకున్న కోత ముక్కలు, అవి తిని పుండు పడిన పెదవులకు అవ్వ పూసే వెన్న. తాత మాత్రం తోటలో మొదటి పండు కోసిన రోజున ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చెట్టు కిందే కూర్చుని, తొక్కతో సహా మెల్లగా నమిలి తినేవాడు.

మా పెద్దమ్మ కూతురు మంజుల ఆ ఇంట్లోనే పెరిగింది. నాకంటే ఒక ఏడు పెద్దది. అచ్చనగండ్లాటలో దాని చేతిని ఓడించినవాళ్లు లేరు. ఇంట్లో మాట తెలుగే అయినా అది అరవ బడిలో చదివింది, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అందుకని మిట్టమధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసేటప్పుడు వెనక వసారాలో బోర్లా పడుకుని నేను చదివేదాన్ని, అది వినేది. రోజుకొక అధ్యాయమే అని దాని కట్టడి. సగంలో ఆపితే పిర్ర గిల్లేది.

ఆ ఇంట్లోనే మా సరోజ చిన్నమ్మ, అమ్మకు ఆఖరి చెల్లెలు, ఉండేది. ఆ ముందటి ఏడు ఆమెకు పెండ్లి కుదిరి, పందిరి గుంజలు కూడా నాటినాక మగపెళ్లివాళ్లు వద్దనుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి వాకిట్లోకి ఎవరు వచ్చినా ఆమెను చూసి నాలుక చప్పరించడమే. ఆమె ఒకచోట కూర్చునేది కాదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది, మడిచిన చీరలు విప్పి మళ్లీ మడిచేది. కొన్నాళ్లకు కృష్ణగిరిలో కుట్టు నేర్చుకుంటానని తాతను ఒప్పించి, పొద్దున బస్సుకు పోయి దీపాలు పెట్టే వేళకు రావడం మొదలుపెట్టింది.

మొదట కనిపెట్టింది మంజుల.

"పాపా, చిన్నమ్మ చీరకి ఒక్క దారం పోగన్నా అంటుకొని ఉండేది చూసినావా నువ్వు?" అని అడిగింది.

చూడలేదు. కానీ అడిగినాక చూడడమే పని అయింది. ఆమె గోళ్ల చివర పసుపుపచ్చగా ఉండేది. వేళ్ల కొసలు సొన తగిలి పొట్టు లేచేవి. దగ్గరికి పోతే మా తోటలో లేని బెంగుళూరా మామిడికాయ వాసన. పుస్తకంలోని పిల్లలకు కూడా ఇంత మంచి ఆధారాలు దొరకలేదని మేము పొంగిపోయాం.

మర్నాడు మంజుల స్నేహితురాలి ఇంటికని అవ్వకు చెప్పి, చిన్నమ్మ ఎక్కిన బస్సులోనే వెనక తలుపు నుంచి ఎక్కి, తట్టల చాటున తల వంచి నిలబడ్డాం. ఆమె కృష్ణగిరి దాకా పోనేలేదు. దారిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ దగ్గర దిగి, గేటు దాటుకుని లోపలికి పోయింది. కమ్మీల సందులోంచి చూశాం. కొండలాగా కాయల గుట్ట, తలలకు గుడ్డలు కట్టుకుని కత్తులతో వరసగా కూర్చున్న ఆడవాళ్లు, వాళ్ల మధ్య మా చిన్నమ్మ. ఎవరో ఏదో అన్నారు. ఆమె తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

అంతలో మమ్మల్ని చూసింది. కత్తి అక్కడే పెట్టి గేటు దగ్గరికి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవురు పంపించినారు మిమ్మల్ని?"

"ఎవురూ పంపలేదు చిన్నమ్మా. మేమే కనుక్కున్నాం."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇంట్లో కూసుంటే గోడలు మీదపడినట్లుండాది పాపా. ఈడ నన్ను సరోజా అని పిలుస్తారు. పెండ్లి తప్పిన పాప అనేవాళ్లు లేరు." మా ఇద్దరినీ చూసి అడిగింది, "తాతకి చెప్తారా?"

మా ఇంటి ఆడపిల్ల ఇంకొకరి గేటులో కూలికి కూర్చుందంటే తాత ఏం చేస్తాడో మాకు తెలుసు. మేము ఏ మాటా ఇవ్వకుండానే వచ్చేశాం. దారంతా మంజుల గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. తాత ఎదురుగా అబద్ధం దాని నోట రాదు. రేపు ఆయనకు తెలిస్తే మనల్ని కూడా కొడతాడు, ముందే చెప్పేస్తే పోతుంది కదా అంది.

ఆ మధ్యాహ్నం చదవాల్సింది ఆఖరి అధ్యాయం. పుస్తకం తెరిచాను. పిల్లలు అందరినీ హాల్లోకి పిలుస్తున్నారు. మంజుల నా మోకాలి మీద చెయ్యి వేసి ఊపిరి బిగబట్టి వింటోంది.  అక్షరాల మీద వేలు కదుపుతూనే, అక్కడ లేని మాటలు చదవడం మొదలుపెట్టాను. పిల్లలు గుడిసెలోకి తొంగిచూశారనీ, వంటమనిషి తమ్ముడికి అన్నం పెడుతుండడం చూసి వెనక్కి తిరిగారనీ, ఎక్కడికి పోయారని పెద్దవాళ్లు అడిగితే చెరువులో బాతులు చూసి వచ్చామన్నారనీ చదివాను.

మంజుల నా మోకాలి మీది చెయ్యి తీసేసింది. "అంతేనా?" అంది.

"అంతే."

ఆ సాయంత్రం తాత కాళ్లు కడుక్కుంటూ, "చిన్నమ్మ కుట్టు ఎంతదాకా వచ్చిందమ్మా?" అని మంజులనే అడిగాడు. అది చెంబుతో నీళ్లు పోస్తూ, "రవిక దాకా వచ్చినాది తాతా" అంది. వాకిట్లో చీపురు పట్టుకున్న చిన్నమ్మ ఊడవడం ఆపి, మళ్లీ ఊడ్చింది.

కాయల కాలం అయిపోయాక ఆమె తనంతట తానే తాతకు చెప్పింది. నేను అప్పటికి హోసూరుకు వచ్చేశాను, అమ్మ చెబితే తెలిసింది. తాత అరవలేదట, మాట్లాడడమే మానేశాడట. మరుసటి ఏడు మామిడి కాలం రాగానే ఆమె మళ్లీ బస్సు ఎక్కింది, ఆయన తోటవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఆ పనిలోనే మేస్త్రీ అయింది. చాలా ఏళ్లకు తనకు నచ్చిన మనిషిని చేసుకుని కెలమంగలంలో పట్టుపురుగులు పెంచింది. తాత పోయేముందు అడిగి తినింది ఆమె చేత్తో కోసిన పండే.

మొన్న ఈ కొత్త పుస్తకంలో ఆఖరి అధ్యాయం చదివి, ఆ వంటమనిషి తరువాత ఏమైందోనని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాను. ఒక్క ముక్క కూడా లేదు. మంజులకు ఫోన్ చేసి ఆ పుస్తకం మళ్లీ దొరికిందని చెప్పాను. "ఆ పిల్లోళ్లు బాతులు చూసినామంటారే, ఆ బుక్కా?" అని సంబరపడింది. అవునన్నాను.

కాలు నిలవలేదు. చెప్పులు వేసుకుని హోసూరు బస్టాండుకు పోయి కృష్ణగిరి బస్సు ఎక్కాను, అక్కడ మారి కావేరిపట్టణం వైపు పోయాను. కిటికీలోంచి చూస్తే తాత తోటలో రంగు పూసిన హద్దురాళ్లు పాతి ఇళ్ల స్థలాలు వేశారు. ఫ్యాక్టరీ ఉన్న చోటేదో గుర్తుపట్టలేకపోయాను. బస్సులో పిల్లలు ఎవరి ఫోన్లలో వాళ్లు తల దూర్చుకుని కూర్చున్నారు. నా సంచిలో ఫోను మోగింది, కూతురు.

"అమ్మా, కృష్ణగిరి దాటి పోతాండావే. నా ఫోన్లో మ్యాపు మీద నీ చుక్క కనిపిస్తాంది. ఎందుకు పోయినావు ఆడికి?"

ఒక ఆడది ఒక పూటైనా ఎవరికీ కనబడకుండా పోగలిగిన రోజులు కూడా ఆ తోటలతోనే పోయినట్టున్నాయి.  "ఊరికే" అన్నాను. తరువాతి స్టాపు అవ్వావాళ్ల ఊరిదే అయినా దిగలేదు, బస్సులో ముందుకే పోయాను.