ముప్పాతిక కుర్చీ

లాడ్జీల వాళ్ళందరూ అతన్ని వెడల్పాయన అనేవారు. అసలు పేరు స్టూడియో బోర్డు మీద ఉండేది గానీ దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు వీధికి నలుగురయ్యాక అతను గదుల ఫొటోల్లోకి దిగాడు. చిన్న చిన్న హోటళ్ళు, లాడ్జీలు తమ గదుల్ని ఇంటర్నెట్‌లో పెట్టుకోవాలంటే ఫొటోలు కావాలి. ఆ పనిలో అతని చెయ్యి బాగా తిరిగింది.

"మా గదిలో ఏనుగు పట్టేట్టు కనబడాలి గురూ," అన్నాడొక లాడ్జి యజమాని.

"కనబడుతుంది. పట్టడం సంగతి మీరూ ఏనుగూ చూసుకోండి," అన్నాడు.

తలుపు ఊడదీయించి, బాత్రూమ్ మూలకి వీపు ఆనించి, కెమెరా ఛాతీ ఎత్తున పట్టుకునేవాడు. చెత్తబుట్ట బయట పెట్టించి, కర్టెన్లు బార్లా తీయించేవాడు. ఇవన్నీ ఆ పని చేసే ఎవరైనా చేసేవే. అతని దగ్గర మాత్రమే ఉన్నది ఒక కుర్చీ. వడ్రంగిని పక్కన కూర్చోబెట్టుకుని చేయించాడు. చూడ్డానికి మామూలు చేతుల కుర్చీయే. కానీ ఎత్తు, వెడల్పు, లోతు, ఏ కొలత చూసినా ముప్పాతిక వంతే. దాన్ని కిటికీ పక్కన వేసి ఫొటో తీస్తే చూసేవాడు కుర్చీని అనుమానించడు, గది పెద్దదనుకుంటాడు. హోటల్‌కో రంగు గుడ్డ తొడిగేవాడు. పనవగానే వ్యాన్లో వేసుకుని వచ్చేసేవాడు.

ఇందులో తప్పుందని అతనికి తోచలేదు. పెళ్ళికూతురి బుగ్గ మీద మచ్చ చెరిపినట్టే ఇదీ అనుకున్నాడు, బావ జబ్బు పడేదాకా.

అక్క అతనికంటే ఆరేళ్ళు పెద్ద. వేరే ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. బావ గడియారాలు బాగుచేసేవాడు. యూరప్‌లో ఎక్కడో ఒక పాత కూడలిలో గంట గంటకీ బొమ్మలు బయటికొచ్చి తిరిగే పెద్ద గడియారం ఉందని, చచ్చేలోగా దాని కడుపులో ఏముందో చూడాలని అంటూ ఉండేవాడు. "నీ కడుపులో ఏముందో నాకే తెలీదు, దానిదెవడు చూపిస్తాడు," అనేది అక్క.

ఒక ఏడాది బావకి కాళ్ళు పడిపోయాయి. పెద్దాసుపత్రి ఉన్న నగరానికి తీసుకెళ్ళారు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జిని అక్కే ఫోన్‌లో ఫొటోలు చూసి మాట్లాడుకుంది. వెడల్పాయన నాలుగో రోజున చూడ్డానికి వెళ్ళి, గుమ్మంలో ఆగిపోయాడు. ఆ నీలం పలకల గోడ అతనికి తెలుసు. రెండేళ్ళ క్రితం దాన్ని తనే ఫొటో తీశాడు.

చక్రాల కుర్చీ బాత్రూమ్‌లోకి దూరడం లేదు. అక్క తడిగుడ్డతో బావ ఒళ్ళు తుడుస్తోంది.

"ఆ ఫొటో తీసినవాడు కంటపడితే కళ్ళజోడు కొనిపెడతానురా. చూపు ఆనదేమో పాపం," అంది.

బావ నవ్వాడు. వెడల్పాయన మంచం అంచున కూర్చుని, "లాడ్జీలన్నీ ఇంతేలే అక్కా," అన్నాడు.

అన్నది ఆ ఒక్క మాటే. రెండు నెలలకి బావ పోయాడు. మాట మాత్రం పోలేదు. అన్నం తింటున్నా, కెమెరా తుడుస్తున్నా చెవిలో తన గొంతే తనకి వినపడేది. పోనీ చెప్పేద్దామా అనుకుంటే, బావ పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి ఇప్పుడెందుకు అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. అలా మూడేళ్ళు సర్దుకున్నాడు. కుర్చీ వాడడం మాత్రం మానలేదు.

రిటైరయిన నెలలోనే అక్క ఫోన్ చేసింది. "మీ బావ చూస్తానన్న గడియారం నేను చూసొస్తాను. తోడు రారా."

"హోటల్ ఖర్చు నాది," అన్నాడు అతను, ఆమె మాట పూర్తవకముందే.

"నీదంటే చెట్టు కింద పడుకోబెడతావేమో. నాకు మూడు కావాలి. మోకాళ్ళకి లిఫ్టు. గదిలోనే బాత్రూమ్. కిటికీ పక్కన ఒక కుర్చీ."

"కుర్చీ ఎందుకూ?"

"కూర్చోడానికి," అంది అక్క.

తీరా కూర్చుని లెక్క వేశాడు. టిక్కెట్లకీ వీసాలకీ తన వంతు కట్టేసరికి అతను దాచుకున్న డబ్బు సగమైంది. ఆ కూడలి చుట్టుపక్కల మంచి హోటల్లో ఒక రాత్రి గడపాలంటే అతను నెలరోజులు గదులు వెడల్పు చేయాలి. వాళ్ళకి ఏడు రాత్రులు కావాలి. లిఫ్టు ఉన్నచోట బాత్రూమ్ నడవాలో ఉంది. రెండూ ఉన్నచోటు ఊరికి గంట దూరం. కాస్త సాయం అక్కనే అడగొచ్చు. కానీ నాది అని నోరారా అన్నాడు కదా.

చివరికి ఒకటి దొరికింది. ధర అతనికి అందేటంత. రెండు మంచాలు, కిటికీ, కిటికీలోంచి ఆ గడియారం, పక్కనే ఆకుపచ్చ కుర్చీ. అక్కడ ఉండి వెళ్ళినవాళ్ళు కింద ఏవేవో రాశారు. అవి చదవలేదు. పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, ఫొటో చదవడం నాకొకరు నేర్పాలా అనుకున్నాడు. స్కేలు తెర మీద పెట్టి కొలిచాడు. కుర్చీ ఇంత ఉంటుంది కాబట్టి గోడ ఇంత, గోడ ఇంత కాబట్టి నడిచే చోటు ఇంత. సుఖంగా సరిపోతుందని తేల్చి డబ్బు కట్టేశాడు.

లిఫ్టు ఉంది. అక్క ఎక్కితే పెట్టె పట్టలేదు. నాలుగో అంతస్తుకి పెట్టెలు అతనే మోసుకొచ్చాడు. గది తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకుంది. మంచాల మధ్య మోకాలు దూరే సందు. బాత్రూమ్‌లోకి పక్కకి తిరిగి వెళ్ళాలి. గడియారం కనబడాలంటే కిటికీలోంచి మెడ బయటపెట్టి ఎడమవైపు తిప్పాలి.

అక్క వెళ్ళి ఆకుపచ్చ కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి.

"ఏరా, ఇదేదో చిన్నపిల్లల కుర్చీలా ఉందే."

అతను పెట్టె కింద పెట్టాడు. కుర్చీ చేతి మీద జాన పరిచాడు. పరవకుండానే తెలుసు. ముప్పాతిక. ఈ ఊళ్ళోనూ ఎవడో తనలాంటివాడు ఒకడున్నాడు. వాడు కనీసం కుర్చీ వదిలి వెళ్ళాడు.

అక్క నవ్వింది. "మా లాడ్జి ఫొటో తీసినవాడే ఇక్కడికీ వచ్చాడన్నమాట. మళ్ళీ అదే చూపు. రెండు కళ్ళజోళ్ళు కొనాలి నేను."

హోటళ్ళన్నీ ఇంతేలే అక్కా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి అది బయటికి రాలేదు.

"అక్కా, ఆ లాడ్జి ఫొటో తీసింది నేనే."

"ఏ లాడ్జి?"

"బావని ఉంచింది."

అక్క నవ్వు అలాగే మొహం మీద కాసేపు ఉండి, తర్వాత పోయింది. "ఆ ఫొటోలో కుర్చీ ఉంది," అంది.

"నాదే. ఇలాంటిదే. పనయ్యాక తెచ్చేసుకుంటాను."

"తెచ్చేసుకుంటావు." ఆ మాటని తిప్పి చూస్తున్నట్టు అంది. "నేను గది చూసి తీసుకోలేదురా. కుర్చీ చూసి తీసుకున్నాను. ఆయన పక్కన కూర్చోవచ్చు కదా అని. వెళ్ళి కుర్చీ ఏదయ్యా అంటే, కౌంటర్లో ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పదకొండు రోజులు బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. నువ్వొచ్చిన రోజు కూడా. నువ్వు మంచం మీద కూర్చున్నావు."

అతనికి ఆ బకెట్ గుర్తొచ్చింది. ఎర్రది. అక్క దానిమీద కూర్చునే కళ్ళజోడు మాట అంది. తను చూశాడు, చూసి కూడా, ఏదో ఉతుకుతోందేమో అనుకున్నాడు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు. చూపు తిప్పుకోవడానికి ఆ గదిలో చోటు కూడా లేదు.

బయట గంటలు మొదలయ్యాయి. అక్క కుర్చీ చేతులు పట్టుకుని కష్టం మీద లేచింది. అతను సాయానికి చెయ్యి చాపితే పట్టుకోలేదు. లిఫ్టులో తను దిగింది, మెట్ల మీద అతను దిగాడు. వాళ్ళు కూడలి చేరేసరికి బొమ్మలు లోపలికి వెళ్ళిపోయాయి. మళ్ళీ గంటసేపు ఎండలో నిలబడ్డారు. బొమ్మలు తిరిగినప్పుడు అక్క సంచిలోంచి బావ చేతిగడియారం తీసి చూసింది.

"రెండు నిమిషాలు ఆలస్యం. ఆయనుంటే ఊరుకునేవాడు కాదు," అంది. ఆ మాట తనతో కాదని అతనికి తెలుసు.

ఆ ఏడు రోజులూ అతనితో నీళ్ళు, టిక్కెట్లు, చెప్పులు, ఇంతవరకే మాట్లాడింది. తిరుగు ప్రయాణంలో మాత్రం, "ఇంటికెళ్ళాక ఆ కుర్చీ నాకు పంపు," అంది. తగలబెడుతుందనుకుని, అదే మంచిదనుకుని పంపాడు.

తగలబెట్టలేదు. ముందుగదిలో సోఫా ఎదురుగా వేసింది. చుట్టాలు వస్తే సోఫా చూపించేది. తమ్ముడు వస్తే కుర్చీ చూపించి, "కూర్చోరా," అనేది. అతను మోకాళ్ళు గుండెలకి ఆనించుకుని కాఫీ తాగేవాడు. "అందులో ఇరుక్కోవడమెందుకు, ఇలా రా బాబాయ్," అని ఎవరైనా పిలిస్తే, "వాడికదే అలవాటు," అనేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. లాడ్జి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అతను గదుల్ని ఉన్నవి ఉన్నట్టే తీయడం మొదలుపెట్టాడు. "చూపు తగ్గిందా గురూ," అని లాడ్జీల వాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. పాస్‌పోర్టు ఫొటోలు మిగిలాయి.

తర్వాత నాలుగేళ్ళకి అక్క మంచం పట్టింది. అతను స్టూడియో మూసి వచ్చేశాడు. ముందుగదిలోంచి ఆ కుర్చీ తనే మోసుకొచ్చి ఆమె మంచం పక్కన వేసుకున్నాడు. ఇంట్లో మంచి కుర్చీలు చాలా ఉన్నాయి. పందొమ్మిది రోజులు అందులోనే కూర్చున్నాడు. మందులు వేశాడు, దిండు సర్దాడు, తడిగుడ్డతో ఆమె చేతులు తుడిచాడు.

ఒక మధ్యాహ్నం అక్క కళ్ళు తెరిచి అతన్ని చాలాసేపు చూసింది.

"నడుం నొప్పి పుట్టడం లేదూ?"

"లేదు."

"మళ్ళీ అబద్ధం."

"పుడుతోంది అక్కా."

"పుట్టనీ," అంది. మంచం మీద చెయ్యి కొంచెం జరిపి అతని మోకాలి మీద వేసింది. మోకాలు ఎలాగూ ఆమెకి అందే ఎత్తులోనే ఉంది.

"బకెట్ కన్నా నయమేలే," అంది.