ట్యాంకు బొమ్మకు వార్నీషు

నా రాత గజిబిజిగా ఉంటుంది, అక్షర దోషాలూ ఉంటాయి. పల్లెటూరి బడి చదువు, మన్నించండి.

మా అబ్బాయి సైన్యంలో ట్యాంకు నడిపేవాడు. పోయినేడు సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడు. సెలవులో వచ్చినప్పుడు వాడు అతికించి, రంగు వేయకుండా వదిలేసిన ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మ ఒకటి ఇంట్లో ఉండిపోయింది. వాడి ట్యాంకులాగే నేలలో కలిసిపోయే రంగులు వేయమని మా ఆవిడ అడుగుతూనే ఉంది. నేను రైల్వేలో పెయింటరుగా రిటైరైనవాణ్ణి. ఈ రోజు కలకత్తా దగ్గర సంత్రాగాఛిలో మా ఇంటి వరండాలో కూర్చుని, వాడి ట్యాంకు ఫొటో చూస్తూ ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు వేశాను. పైన ఒక పూత వార్నీషు కూడా వేశాను.

ఆమె చూసి, "ఏటిది, రైలుపెట్టికి ఏసినట్టు వార్నీషు ఏసీసినావు? ఇంతలా మెరిస్తే అవతలోళ్ళకి కనబడిపోదా?" అంది.

"నలభై ఏళ్ళ అలవాటు గదే. చెయ్యి ఊరుకోలేదు," అన్నాను.

గరుకు కాగితంతో మెరుపంతా రుద్దేశాను. మచ్చల అంచులు గుడ్డతో అద్ది కలిపి, చక్రాలకు బూడిద పట్టించాను. ఆమె బొమ్మను గుమ్మం బయట మట్టిలో పెట్టి, వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూసింది.

"ఇప్పుడు కనబడ్డం లేదు. అప్పుడూ ఇలాగే ఏసుంటే బాగుణ్ను," అంది.

వాడి ట్యాంకుకు రంగు వేసింది నేను కాదుగా అనబోయి, గరుకు కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఫిరంగి గొట్టం దగ్గర ఇంకా కాస్త మెరుస్తోందని సాయంత్రం నుంచి అంటూనే ఉంది. మెరుపు తేవడమే నాకు తెలిసిన పని. దాన్ని పూర్తిగా పోగొట్టే ఉపాయం, ఇలాంటి బొమ్మలకు రంగులేసే మీలో ఎవరికైనా తెలిస్తే తొందరగా జవాబు రాయండి.