బెంచీలు ఖాళీ అయిన వారం

మా పాప బడిలో అందరికీ జ్వరాలని ఈ ఉదయం దాని రుమాలుకు నీలగిరి తైలం రాస్తుంటే, ఆ ఘాటుకు మా ఊరు గోరంట్లలో నా మూడో తరగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు వానల్లేక చేలన్నీ ఎండిపోయాయి. బడిలో ఎవరి చోటైనా ఖాళీగా ఉందంటే, ఇంటిల్లిపాదీ కూలికి బెంగుళూరు వెళ్ళిపోయారని అర్థం. అలాంటిది ఒక్క వారంలో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. ఊరంతా పోతోందనుకున్నాను. నా పక్కన కూర్చునే నాగవేణి కూడా రాకపోయేసరికి, మధ్యాహ్నం గంట కొట్టగానే వాళ్ళింటికి పరుగెత్తాను.

తలుపు తీసే ఉంది. గదంతా నీలగిరి తైలం ఘాటు. నాగవేణి దుప్పటి కప్పుకుని మూలుగుతోంది.

"దగ్గరికి పోవద్దు పాపా. బడి పిల్లోళ్ళందరికీ తగులుకున్న జొరమే ఇది," అంది వాళ్ళమ్మ.

"జొరమేనా? బెంగుళూరికి పోలేదా మీరు?"

ఆమె నాగవేణి దుప్పటి సర్దింది. "యాడికీ పోలేదు లేమ్మా. ఈడనే ఉండాము కదా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వద్దంటున్నా వెళ్ళి నాగవేణి కాలిపోతున్న చేయి పట్టుకున్నాను. గది మూలన కట్టిపెట్టిన మూటలు కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లకు జ్వరం తగ్గడం కోసమే వాళ్ళు ఆగారని మాత్రం నాకు తోచలేదు.