తాండూరు దారిలో కంది బస్తాలు, కాక పట్ట

"మనుషుల్లో సాయం చచ్చిపోయింది" అని మా రూంమేట్ అంటే ఒప్పుకోలేక మొదలైన ప్రయాణం ఇది. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఎవరికి వారు పక్కవాడు చూసుకుంటాడని ఆగిపోతారని ఒక చిన్న పుస్తకంలో చదివాను. నిజమో కాదో జనం మధ్యే తేల్చుకుందామని జనవరిలో వికారాబాద్ రైలెక్కాను. పొద్దున్నంతా అనంతగిరి అడవిలో తిరిగి, మధ్యాహ్నం రెండింటికి తాండూరు బస్సు పట్టుకున్నాను. గంట పైచిలుకు దారి, టికెట్టు వంద దాటదు.

తాండూరు దగ్గర పడుతుండగా బస్సు ఆగింది. ముందు పోతున్న ట్రాలీ ఆటో వెనక తలుపు ఊడి, కంది బస్తాలు రోడ్డు మీద పడి పిగిలాయి. ఆటో డ్రైవర్ ఊడిన తలుపుతో కుస్తీ పడుతున్నాడు. బాలమణి అనే రైతు ఒక్కతే కొంగులోకి ఎత్తుకుంటోంది. ఆమె ఏడాది పంట అది. ఆకాశం చూస్తే కాలం కాని మబ్బు కమ్ముకొస్తోంది, తడిసిన కందుల్ని మార్కెట్లో ఎవరూ ముట్టరు. చుట్టూ జనం నిలబడి చూస్తున్నారు, కొందరు ఫోన్లు కూడా తీశారు.

నాకు తిక్కరేగింది. బస్సులోంచి దూకి, "ఇంతమంది ఉన్నరు, మనుషులా, రాళ్లా?" అని అరిచాను.

రోడ్డు పక్క చాయ్ బండి కాక తాపీగా అన్నాడు: "రాళ్లే తమ్మీ. తాండూర్ల దొరికేటియి గవే గద."

తాండూరు నాపరాళ్లకు పేరున్న ఊరు మరి, అందరూ నవ్వారు. ఒక్కరూ కదల్లేదు. బాలమణి తలెత్తకుండానే, "నువ్వు తిట్టుడు బంద్ పెట్టు కొడుకా. తిడితే వాన ఆగుతదా?" అంది.

అప్పుడు వెలిగింది నాకు. అందరినీ పిలిస్తే ఎవరినీ పిలవనట్టే. వేలు పెట్టి చూపించాను. "కాకా, బండి మీది టార్పాలిన్ పట్ట విప్పుకొని రా. డ్రైవరన్నా, బస్సు అడ్డం పెట్టు, లారీలు తొక్కుతయి. ఎర్ర చీర అక్కా, జర ఆ సంచి మూతి పట్టు." ఏం చెప్పమంటారు, ముగ్గురూ కదిలారు! వాళ్లను చూసి బస్సంతా బిలబిలా దిగింది. కొంగులు, తువ్వాళ్లు, టిఫిన్ డబ్బా మూతలు, ఏది దొరికితే అదే చేట. చినుకులు మొదలయ్యేసరికి బస్తాలు ఆటోలో, కాక పట్ట కింద ఉన్నాయి. మట్టిలో కలిసినవి పోగా మిగతా పంటంతా దక్కింది.

పట్ట బాలమణితో మార్కెట్‌కు పోయింది. కాక వానలో తడుస్తూనే నాకు చాయ్ పోశాడు. "ముందుగాల్నే ఎందుకు రాలే కాకా?" అని అడిగాను.

"ఆమె మనుషులు ఎనక వస్తున్నరేమో అనుకున్న. నువ్వేమో అందర్ని కలిపి తిడితివి. అండ్ల నా వాటా ఎంతో నాకెట్ల తెలుస్తది?"

నా కోపం సగం అక్కడే దిగిపోయింది. రాతిగుండెలనుకున్న వాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఆగిపోయినవాళ్లే. మిగతా సగం కోపాన్ని దాచుకున్నాను, పనికొస్తుంది. మీరు ఈ దారిన పోతూ ఆపదలో పడితే "ఎవరైనా రండి" అనకండి. ఒక్కరిని ఎంచుకుని, కాకా అనో అక్కా అనో పిలిచి, ఒక్క పని చెప్పండి.