ప్రార్థనాపూర్వక నైతిక మద్దతు

మద్దతు అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అంగన్‌వాడీ టీచర్లం, ఆయాలం కలిసి సమ్మె చేసిన ఆ చలికాలంలో మా ఆళ్లగడ్డలో మాకు మద్దతు ఇవ్వనివాడు లేడు. బంగారు షాపాయన ఇచ్చాడు. రైసుమిల్లాయన ఇచ్చాడు. పదవి పోయినవాళ్లు ఇచ్చారు, పదవి కోసం కాచుకున్నవాళ్లు ఇచ్చారు. నాలుగు రోడ్ల దగ్గర మా టెంటులోకి రావడం, మెడలో దండ వేయించుకోవడం, ‘ఆడబిడ్డల కన్నీళ్లు’ అని మొదలుపెట్టి పావుగంట మైకు నమలడం, ఫొటో దిగడం, పోవడం. ఒక్కడంటే ఒక్కడు మాతోపాటు ఆ పట్టల మీద గంటసేపు కూర్చున్న పాపాన పోలేదు. సాయంత్రానికి ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగేవి. వాటిలో మేం వెనక వరసలో ఉత్త తలకాయలం.

మేం అడిగింది జీతం పెంచమని. దాన్ని జీతం అనడానికి కూడా పైవాళ్లకు నోరు రాదు, గౌరవ వేతనం అంటారు. గౌరవం మీ దగ్గరే పెట్టుకోండి, వేతనం ఇవ్వండి చాలు అన్నాం. మా అంగన్‌వాడీ సెంటర్ అంటే ఒక్క గది, ఇరవై ఏళ్లుగా అందులోనే ఉన్నాను. పక్కనే రాతి శిల్పాలు చెక్కే షెడ్డు. పొద్దస్తమానం ఉలి చప్పుడు వింటూనే పిల్లలకు పాటలు చెప్పాను, అన్నం పెట్టాను, గుడ్డు ఒలిచి పెట్టాను, ముక్కులు తుడిచాను. సమ్మె మొదలైన రోజు ఆ గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్డున దోపుకున్నాను. ఆ తాళమే మా బలం. అది పడి ఉన్నంతకాలం పైవాళ్లు మాతో మాట్లాడక తప్పదు. అది పగిలిందా, గది ఇంకొకరి చేతిలో పెట్టి నన్ను ఇంటికి పంపేస్తారు. మా ఇంట్లో సంపాదించే చెయ్యి నాదొక్కటే.

మూడు వారాలైనా ఎవరూ పిలిచి మాట్లాడలేదు. నంద్యాల కలెక్టరాఫీసు ముందు రెండు రోజులు కూర్చోవాలని మా యూనియన్ వాళ్లు నిర్ణయించారు. రుద్రవరం వైపు ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు ముందురోజే ఆళ్లగడ్డ చేరి, పొద్దున్నే అందరం ఒక్కటిగా బయల్దేరాలి. వాళ్లు తలదాచుకోవడానికి మా చర్చి మందిరం వెనక షెడ్డు, వంటకు రెండు పెద్ద గిన్నెలు, మందిర సంఘం తరపున ఒక ఉత్తరం. ఇవి అడుగుదామని ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. పుట్టినప్పటి నుంచి నేను ఆ మందిరంలోనే కూర్చుంటున్నాను, నా మాట కాదంటారని అనుకోలేదు.

కాదనలేదు కూడా. కాదంటే బాగుండేది. గంటన్నర చర్చించారు.

"పేదోళ్ల పక్కన మనం నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారప్పా?" అని ఒకాయన గుండె మీద చెయ్యి వేసుకుని అన్నాడు. ఆమెన్ అన్నారు. అదే నోటితో ఆయనే, "గానీ షెడ్డులో కొత్త టైల్సు ఏసినాం గదా. అంతమంది తొక్కితే యాడ నిలుస్తాయి?" అన్నాడు. దానికీ ఆమెన్ అన్నారు.

"ఈ రోజు వీళ్లకిస్తే రేపు ఇంకోళ్లు వస్తారన్నా" అని ఇంకొకాయన. "మనం దేవుని మీద ఆధారపడాల గానీ సమ్మెల మీదనా?" అని ఒకావిడ. ఆవిడ కొడుకు ఆర్టీసీలో ఉన్నాడు. వాడి సమ్మెకు ఆవిడే మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. పాస్టరయ్యగారు ఏ పక్కకూ మొగ్గకుండా గోడ మీద పిల్లిలా కూర్చుని గడియారం చూసుకుంటున్నారు.

చివరికి సంఘ కార్యదర్శి లేచారు. ఈయన రిటైరైన హెడ్మాస్టరు. నాకు మూడో తరగతిలో ఎక్కాలు నేర్పిన సారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో ఆకుపచ్చ సిరా పెన్ను. ఈయన చిన్న వయసులో ఉన్నప్పుడు టీచర్లు సమ్మె చేస్తే, మా అమ్మ కూలి నుంచి వచ్చి వాళ్లకు సంగటి కెలికేది. ఆ ముద్దలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి గంపలో పెట్టుకుని వాళ్లు కూర్చున్న చోటుకు మోసింది నేను. ఈయన రెండో ముద్ద అడిగి మరీ తినేవారు. ఏరు దాటాక తెప్ప తగలేసే మనుషుల్ని చూశాను గానీ, ఆ తెప్ప బూడిద మీద నిలబడి ఉపన్యాసం చెప్పే మనిషిని ఆ రోజే చూశాను.

"మద్దతు రెండు రకాలు" అన్నారు, పాఠం చెప్పినట్టు. "ఒకటి భౌతికం, ఒకటి నైతికం. సంఘంగా మనం నైతిక మద్దతు ఇద్దాం."

"నైతిక మద్దతంటే ఏంది సార్?" అన్నాను.

"మనసులో మేమంతా మీతోనే ఉంటాం తల్లీ."

"మనసులో ఉంటే ఇంక షెడ్డు ఎందుకులే సార్" అన్నాను. ఎవరూ నవ్వలేదు. సంఘం ప్రార్థనాపూర్వక నైతిక మద్దతు ఇస్తున్నట్టు తీర్మానం రాశారు. చేతులెత్తమంటే మందిరమంతా ఎత్తింది. విస్తరి వేసి, నీళ్లు చల్లి, అన్నం పెట్టకుండా చేతులు జోడించారు.

ఆ కోపమంతా కడుపులో పెట్టుకుని మర్నాడు టెంటులో కూర్చుని ఉన్నాను. ఆ సమయంలో మా సెంటర్ వీధిలో ఉండే ఒకామె నేరుగా నా ముందుకొచ్చింది. కూలి మనిషి. ఆమె నాలుగేళ్ల కూతురు మా సెంటర్‌కే వస్తుంది. పిల్ల చంకలో ఉంది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఏం టీచరమ్మా, ఈ బిడ్డను యాడ పెట్టమంటావ్? మిరపచేనికి ఎత్తుకపోతాండా. కండ్లు మండి ఒకటే ఏడుస్తాండాది. బిడ్డను తెస్తే నువ్వు రావద్దు పో అంటాండాడు మేస్త్రి" అంది.

"మా బాధలు మావి. కొంచెం ఓర్చుకోవాల" అన్నాను.

"నీ సమ్మె సల్లగుండ. బంగారం షాపోణ్ని అడిగితివి. మందిరంలో అడిగితివంట. మా ఈదిలోకొచ్చి మమ్మల్ని అడిగితివా, ఒక్క మాట? బిడ్డలు మాయి గదా?"

నిజమే, అడగలేదు. ఇరవై ఏళ్లు ఆ వీధిలో పనిచేసి, సమ్మెకు ముందురోజు ఒక్క గడప తొక్కలేదు. వాళ్ల మద్దతు కూడా ఒక మద్దతని నాకు తోచలేదు. కానీ ఆ క్షణంలో అదేమీ గుర్తురాలేదు. నలుగురిలో నిలదీసిందే అన్న రోషం ఒక్కటే ఉంది. పక్కనే మైకు ఉంది. అందుకున్నాను.

"చూడండమ్మా! రోజూ వచ్చే గుడ్డు ఆగిపోయిందని ఈమె రోడ్డెక్కింది. గుడ్డుకు ఆశపడే మనిషికి పోరాటం ఏం అర్థమైతాది? ఇట్లాంటోళ్లు ఉండబట్టే మన బతుకులు ఇట్ల ఏడ్చినాయి!"

టెంటంతా చప్పట్లు కొట్టింది. నాలుగు రోడ్లలో ఆటోవాళ్లు కూడా తిరిగి చూసి నవ్వారు. ఆమె పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని వెళ్లిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్తూనే పోయింది. నాకు ఆ రోజు చప్పట్లే తీపిగా ఉన్నాయి.

షెడ్డు లేదు కాబట్టి అందరం ఎవరి ఊరి నుంచి వాళ్లం పొద్దున బస్సులకు వేలాడి నంద్యాల చేరాం. రెండోరోజు మధ్యాహ్నం, కలెక్టరాఫీసు గేటు ముందు నినాదాలు ఇస్తుంటే నా ఫోన్ మోగింది. మా సెంటర్ వీధి గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. తెరిస్తే మా సెంటరే. తలుపు ముందు మా పై ఆఫీసు మనుషులు ఇద్దరు, చేతిలో కాగితం. తాళం పగలగొట్టడానికి వచ్చారు. అది ఎవరి ఎదుట జరిగిందో రాసుకోవడానికి ఇద్దరు ఊరివాళ్లు సాక్షి సంతకం పెట్టాలట.

ముందు ఆమెనే పిలిచారు. నేను మైకులో కడిగేసిన మనిషిని. నా ప్రాణం అక్కడే పోయింది. ఇంకేముంది, పగ తీర్చుకుంటుంది అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని.

"టెంటు కాడికి పోయి అడిగింది నువ్వేనంట గదమ్మా. ఈడ వేలిముద్ర వెయ్యి" అన్నాడు ఆఫీసాయన.

"అడిగింటి. మొగం మీదనే అడిగింటి. బీగం పగలగొట్టమని నేను చెప్పలే."

"సెంటర్ తెరిస్తే నీ బిడ్డకే గదా మంచిది."

"బీగం టీచరమ్మ ఏసింది, ఆయమ్మే తీయల్ల. మీరు తెరిస్తే నా బిడ్డకు ఎవరు తినిపిస్తారు, నువ్వు తినిపిస్తావా? నేను వెయ్యను, పో" అని చెయ్యి కొంగులో దాచుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ ఆమె వెనక్కి జరిగారు. సంతకానికి ఒక్కరూ ముందుకు రాలేదు. గేటు దగ్గర నిలబడి నేను ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో వీడియోలోకి తెల్లచొక్కా చెయ్యి ఒకటి వచ్చింది. సారు! కళ్లద్దాలు పెట్టుకున్నారు. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివారు. "ఈడేనా?" అని అడిగి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. రెండో సంతకం టైల్సు ఆయనది. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం! ఆ తర్వాత శిల్పాల షెడ్డు నుంచి ఎవరో సుత్తి తెచ్చారు. రెండు దెబ్బలకే తాళం ఊడింది. నేను రోడ్డు మీద కూలబడి ఏడ్చాను.

నాలుగు రోజులకు పెద్దవాళ్ల మధ్య మాటలు కుదిరాయి. హామీలిచ్చారు, సమ్మె ముగిసింది, ఎవరినీ తీసేయబోమన్నారు. నా ఉద్యోగం నాకు మిగిలింది. ఆ ఆదివారం మందిరంలో సారు శాలువాతో సిద్ధంగా ఉన్నారు. మన సంఘం ప్రార్థనలు ఫలించాయని చెప్పి, నన్ను ముందుకు పిలిచి, నాలుగు మాటలు చెప్పమని మైకిచ్చారు.

"సార్, ఈ శాలువా సంతకం పెట్టిన చేత్తోనే కప్పుతాండారా, ఇంకో చేత్తోనా?" అన్నాను.

సారు గొంతు సవరించుకున్నారు. "అది పిల్లల మేలు కోసం తల్లీ. నైతికంగా నేను నీతోనే..."

"మీ సమ్మెకు మా అమ్మ చేత్తో కెలికింది సార్ సంగటి. నైతికంగా కెలికింటే మీరు పస్తుండేవాళ్లు."

శాలువా ఆయన చేతిలోనే ఉండిపోయింది. మైకు బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు. బుద్ధి చెప్పాను కదా అని పదిసార్లు పదిమందికి చెప్పుకున్నాను.

సోమవారం పొద్దున సెంటర్ తెరిచాను. తల్లులు ఒక్కొక్కరే పిల్లలను తెచ్చి వదులుతున్నారు. ఆమె కూడా వచ్చింది, క్యారియర్ ఒక చేత్తో, కూతురు ఒక చేత్తో. నా మొహం చూడకుండా పిల్ల చెప్పులు విప్పుతోంది. నేను పక్కకు వెళ్లి, వంగి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాను. "ఆ రోజు టెంటులో తప్పు మాట్లాడినా. మనసులో పెట్టుకోవద్దమ్మా."

ఆమె తలెత్తి చూసింది.

"మైకులో తిట్టినావ్. చెవిలో చెప్తాండావా?"

అంత నెమ్మదిగా అంది. చుట్టూ ఆరేడుగురు తల్లులున్నారు. మైకు అక్కర్లేదు, కొంచెం గొంతు పెంచి అదే మాట ఇంకోసారి అంటే వీధంతా వినేది. మందిరంలో అంత బాగా లేచిన నా గొంతు అక్కడ లేవలేదు. బయట కూలీల ఆటో హారన్ కొట్టింది. ఆమె పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టి, మిరపచేనికి వెళ్లిపోయింది.