గీయని కుడిచెయ్యి

శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలకు ఎస్తేరు పదహారేళ్లుగా రంగులు నింపుతోంది. గీతలు మేస్త్రీ చెంగల్రాయుడివి. దేవతల మెడల్లో, రాణుల మెడల్లో ఆయన హారాలు గీస్తాడు. వాటిలో పసుపు నింపేది ఆమె. ఆమె మెడ మాత్రం బోసి. మొగుడు మరో సంసారం పెట్టుకున్న ఏడాదే తాళి తన చేత్తోనే తీసేసింది. అప్పటినుంచి చర్చిలోనైనా బస్సులోనైనా పక్కనున్నవాళ్ల చూపు ముందు ఆ మెడ మీదే వాలుతుంది. ఆమె కొంగు పైకి లాక్కుంటుంది.

తిరుపతిలో ఆడవాళ్ల చిత్రాల ప్రదర్శన పెడుతున్నారని, సొంతంగా గీసింది ఒకటి తెమ్మని కబురొచ్చింది. సోమవారం గడువు. ఎస్తేరు పాలూ కరక్కాయా పట్టించిన బట్ట పరిచి, మొదటిసారి వెదురు కలంతో తననే గీసుకుంది. స్వర్ణముఖి నీళ్లలో మోకాళ్లదాకా దిగిన మనిషి. ఎడమచేతిలో తడిబట్ట. బోసి మెడ.

కుడిచెయ్యే కుదరలేదు. చింతబొగ్గుతో గీసి, దులిపి, మళ్లీ గీసింది. పది రోజులు ఆ చెయ్యి ఆమెను నిలవనివ్వలేదు. అన్నం కలుపుతూ ఆగి తన వేళ్లనే చూసుకునేది.

శనివారం ఆమె నీళ్లకు వెళ్లొచ్చేసరికి, ఇంటికొచ్చిన చెంగల్రాయుడు ఆ బట్ట మీద వంగి ఉన్నాడు. బొమ్మ మెడలో పచ్చి నలుపుతో ఒక హారం, దాని కొసన తాళి.

“మెడలో హారం మర్సిపోయినట్టుండావు మే. పూర్తి సేసినాను, పసుపు పొయ్,” అన్నాడు, మేలు చేసినవాడి నవ్వుతో.

ఎస్తేరు బిందె దించలేదు. “మర్సిపోలేదు, అన్నా. గీయకుండా ఇడిసిపెట్టినాను.”

ఆయన మొహం పాలిపోయింది. మెడ కనిపిస్తే చెయ్యి దానంతటదే హారం గీసేస్తుందని గొణిగాడు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరిన ఆ నలుపు కరక్కాయ బట్టకు తగిలితే ఇక పోదని ఇద్దరికీ తెలుసు. కొత్త బట్ట తయారు చేసే వ్యవధి లేదు. ఈసారికి ఉండనిమ్మని, చూసేవాళ్లకు బాగానే ఉంటుందని నచ్చజెప్పబోయాడు.

ఆమె బట్టను చుట్టి మూలన పెట్టింది. విప్పింది. మళ్లీ చుట్టింది. వాకిట్లోకీ లోపలికీ తిరిగింది.

ఆదివారం ఆరాధనలో, పాట మధ్యలో, తన కుడిచెయ్యి ఎప్పుడో మెడ దగ్గరికి చేరి ఉండటం చూసుకుంది. తాళి తీసిన రోజున అది సరిగ్గా అక్కడే ఉంది. పాట ముగియకముందే లేచి వచ్చేసింది.

ఈసారి బొగ్గు ముట్టలేదు. నేరుగా నలుపులో కలం ముంచింది. బొమ్మ కుడిచెయ్యి లేచింది. వేళ్లు హారం కిందికి దూరి, లాగబోయే ముందు బిగుసుకున్నాయి.

సోమవారం చెంగల్రాయుడు వచ్చి చాలాసేపు చూశాడు. నది నీలంగా ఉంది, చీర ఎర్రగా ఉంది. హారం లోపల ఉత్త బట్టే.

“దీనికి పసుపు పొయ్యలేదే,” అన్నాడు మెల్లగా.

“దానికి పొయ్యను, అన్నా.”

తిరుపతి బస్సులో చుట్టిన బట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటామె చూపు మెడ మీద వాలింది. ఎస్తేరు చెయ్యి కొంగు దాకా వెళ్లింది. అక్కడే ఆగి, బట్ట మీదికి తిరిగి వచ్చింది.